తూర్పు హద్దు

ఏడు రోడ్ల కూడలి దాటాక
జెరాక్స్ షాపు మీది మేడ.
ఆర్నెల్లు నా పని
కట్టల దుమ్ము దులపడం, టేపు ముడి వెయ్యడం,
డైరీలో వాయిదాలు ఎక్కించడం.

కూర్మినాయుడు గారు పాఠం చెప్పరు.
చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి
నా దావా కాగితం మీద
చినుకు మొదలైనట్టు చుక్కలు పెడతారు.
"యొక్క" మీద ఒకటి. "సదరు" మీద ఒకటి.
ఎందుకని అడిగితే
టీ చల్లారిపోతోంది అంటారు.

గార నుంచి సీపాన నరసమ్మ వచ్చింది.
ముప్పై సెంట్ల సరుగుడు తోట తగువు.
గొంతు సవరించుకుని చదివాను:
"వాది యొక్క నిరాటంక స్వాధీనానుభవములో నున్న
సదరు భూమికి తూర్పు..."
ఆమె చెయ్యెత్తింది.
"నానేటి సెప్పినాను తల్లీ,
నువ్వేటి రాసినావు?"

ఫ్యాను చప్పుడు.
ఆయన లేచి, తన కుర్చీ
ఆమె వైపు జరిపారు.
"మొదట్నించి సెప్పమ్మా. పాప రాసుకుంటాది."

తూర్పున గట్టు. గట్టు మీద తాటిమొద్దు,
పెద్ద తుపానుకి తల విరిగింది.
దాని మొదట్లోనే
ఈనిన మూడోనాడు చచ్చిన ఎర్రావుని
తనే గొయ్యి తీసి పాతింది.
తవ్వితే కొమ్ములుంటాయంది.

కమిషనర్ వచ్చిన రోజు తవ్వారు.
కొలత టేపు ఒక కొస నేను, ఒక కొస ఆమె.
కొమ్ము ఒక్కటే దొరికింది.
ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, చాలాసేపు.

కేసు ఇంకా నడుస్తోంది.
నిన్న ఒక కుర్రాడు చేరాడు,
గౌను ఇస్త్రీ మడత కూడా విప్పలేదు.
"ఏం చెయ్యమంటారు మేడమ్?"
మూల కుర్చీకి కాలు ఊగుతోంది,
మేకు కొట్టమన్నాను.