ఉన్ని వేలు

గురువారం సెకండ్ షో వదిలాక
నలుగురూ మా హోటల్‌కే వస్తారు.
మూలబల్ల, రేగుపళ్ళ రాకియా ఒక సీసా,
ఉప్పుడబ్బీ, ఫోర్కులు, నా ఓపిక:
ఇదే వాళ్ళ ప్రయోగశాల.

నేను వడ్డించేవాణ్ణి.
లెపెనిత్సా ఒడ్డున పుట్టినవాడికి
తుపాకీ గురించి ఒకరు చెప్పాలా?
ఫ్యాక్టరీ సైరన్ విని మా అమ్మలు మాకు పాలు పట్టారు.
అయినా వింటాను.
గ్లాసులు తుడుస్తూ వింటే ఏదైనా సగమే అర్థమవుతుంది.
అదే బాగుంటుంది.

ఈ వారం శనిగ్రహం ఉంగరాల మీద యుద్ధమట,
వీరుడి చేతిలో నీలిమంటల తుపాకి.
"అబద్ధం" అన్నాడు తిహోమిర్, వెల్డింగ్ పనివాడు.
"ముప్పయ్యేళ్ళుగా నిప్పు పట్టుకుని బతుకుతున్నాను.
నా మంట జానెడు దాటి నిలబడదు,
వాడి మంట మైలు నడిచి తలుపు తట్టిందా?"

"మంట సరే, వేడి ఎక్కడికి పోతుంది?"
వుకాషిన్ బడిలో ఫిజిక్స్ చెప్పడం మానేశాడు,
చెప్పడం మాత్రం మానలేదు.
"అక్కడ గాలే లేదు, ఊది చల్లార్చే దిక్కు లేదు.
మూడోసారి పేల్చేసరికి వాడి అరచెయ్యి
పెనం మీద ఎర్ర మిరపకాయ."
కాగితం రుమాలు మీద తుపాకి గీసి
వేడి దిగడానికి రెక్కలు తగిలించాడు.
అది తుపాకిలా లేదు,
తడిసిన కోడిలా ఉంది.

"మరి వెనక్కి ఎందుకు తన్నదు?" ఒగ్‌న్యెన్.
పందొమ్మిదేళ్ళు, ఆ తుపాకినే ప్లాస్టిక్‌లో పోతపోసి
సంచిలో తెచ్చుకున్నాడు.
"వెలుగు కూడా తోస్తుందిరా, దోమ తన్నినంత."
"ఎన్ని దోమలు?"
లెక్క మొదలైంది. రెండో సీసా కూడా.
నా ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.

రాదోయ్‌క అంతదాకా మాట్లాడలేదు.
ఆమె సినిమాకి వచ్చేది నిద్ర రాక.
ఇరవయ్యారేళ్ళు ఫ్యాక్టరీలో మీటల బల్ల దగ్గర కూర్చుంది.
ప్లాస్టిక్ తుపాకిని కళ్ళజోడు దగ్గరకు తెచ్చి
"కడియం చిన్నది" అంది.

ఏ కడియం?
మీట చుట్టూ ఉంటుందే, అది.
నా వైపు తిరిగి పొయ్యి తొడుగు అడిగింది,
అయిదు వేళ్ళదీ, మందపాటిదీ.
తొడుక్కుని వేలు దూర్చింది.
దూరలేదు.
"శూన్యంలో మీవాడు తొడుగు విప్పి పేలుస్తాడా?"

తిహోమిర్ బల్ల గుద్దాడు.
వుకాషిన్ తన కోడిని నలిపి జేబులో పెట్టుకున్నాడు.
నవ్వులు సర్దుకునేదాకా ఆగి ఆమె అంది:

"మావాళ్ళు కొలిచింది వట్టి వేలు. వేసవి వేలు.
మా తమ్ముడు మిలున్‌కి అమ్మ రెండు పేటల ఉన్నితో అల్లింది.
కొండమీద, మంచులో, వాడి వేలు దూరలేదు.
పళ్ళతో తొడుగు లాక్కునేలోపు
ఎదుటి కుర్రాడు చెట్లలోకి పారిపోయాడు.
సెలవుకొచ్చి భోజనాల దగ్గర చెప్పి నవ్వాడు.
నేనూ నవ్వాను."

"మంచిదేగా" అన్నాడు ఒగ్‌న్యెన్.

"సోమవారం పనికెళ్ళి కాగితం రాసిచ్చాను.
కడియం నాలుగు మిల్లీమీటర్లు పెంచాలి, చలికాలం కోసం.
పెంచారు.
నాకు ప్రశంసాపత్రం, కాఫీ మర ఇచ్చారు.
మంచి మర. ఇప్పటికీ తిరుగుతోంది."

దోమల లెక్క ఎవరూ పూర్తిచెయ్యలేదు.
బిల్లు తిహోమిర్ కట్టాడు, చిల్లర అడగలేదు.
ఒగ్‌న్యెన్ తన తుపాకిని సంచిలో పెట్టబోయి
కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు,
ఎవరిదో పిల్లని ఎత్తుకున్నట్టు.
ఆమె తొడుగు విప్పకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు రొట్టెల పళ్ళెం గుడ్డతో దించబోయి
వేలు కాల్చుకున్నాను.

పై గురువారం తెచ్చి ఇచ్చింది,
ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి.
చూపుడువేలికి మాత్రం
బూడిదరంగు ఉన్ని ఇంకో పొర కుట్టి ఉంది.