క్రారవడి

సినిమా బోర్డులు రాసిన చెయ్యి ఇది.
ఫ్లెక్సులొచ్చి నా కుంచెలు ఎండిపోయినాక
కల్లూరు ఎస్టేటులో రంగుల ఫ్యాక్టరీ వాళ్లు పిలిచి
ఒక డబ్బా పసుపు, ఒక డబ్బా ఎరుపు చేతికిచ్చినారు.
“నబీరసూలూ, స్టిక్కర్లు ఎండకు వెలిసిపోతున్నాయి.
నువ్వు రాస్తే వానకు గూడా పోగూడదు.
తెలుగులోనూ ఉండాల. రూలు.”

పసుపు మీద ఎరుపు:
ప్రమాదకర వ్యర్థం.
దాని కింద, ఏం చెత్త, ఎన్ని కిలోలు,
ఏ తారీఖున నింపినారు,
కారితే ఎవరికి ఫోన్ చెయ్యాల.
పదకొండేండ్లుగా ఇదే నా సాహిత్యం.

మద్దిలేటి సార్ మొదటిరోజు చెప్పింది
నిద్రలో లేపినా అప్పజెప్తా.
తొంభై దినాలు దాటి ఏ డ్రమ్మూ ఈడ ఉండగూడదు,
కొత్తల్లుడైనా అన్నాళ్లుంటే మర్యాద తగ్గుతాది.
అంచుదాకా నింపొద్దు,
జానెడు ఖాళీ పెట్టు, ఎండకు ఉబ్బుతాది.
యాసిడూ కాస్టిక్కూ పక్కపక్కన వద్దు,
భాగాలు తెగని అన్నదమ్ములవి, నడుమ గోడుండాల.
డ్రమ్ము నేలకు ఆనగూడదు,
చెక్కల మీద నిలబెట్టు, కారితే కంటికి కనపడాల.
చుట్టూ సిమెంటు గట్టు.

మా నాయన మడికి గట్టేసేది
నీళ్లు జారిపోకుండా.
ఇదీ జారిపోకుండానే.
ఈ మడిలో మొలిచేది మాత్రం ఏమీ లేదు.

ఊడ్చే ఉరుకుందమ్మకు చదువు రాదు.
ఆమె కోసమని పుర్రె గీసినా, కింద రెండెముకలు.
“ఎవరప్పా ఈ బోడాయన, నన్ను చూసి ఇకిలిస్తాడు?”
ఏ దేవుడో అనుకొని దండం పెట్టి పోయింది.
ముందు నవ్వినా.
దండం పెట్టేవాళ్లు దగ్గరికి పోతారు గదా,
అది తోచినాక నవ్వు రాలేదు.

పోయిన మే నెలలో దేవనకొండ తట్టు
మా చిన్నమ్మ మనవడి నిఖా.
షామియానా పక్కన వరసగా నీలం డ్రమ్ములు,
ట్యాంకరు నీళ్లు.
చల్లగుంటాయని తడి గోనెపట్టాలు చుట్టినారు.
ఒకదానికి పట్టా జారింది.
జారినచోట ఇటుకముక్కతో గీకినట్టు గరుకు.
అక్షరాలన్నీ పోయినాయి,
ఒక్కటి పోలేదు.
‘ప’ కాళ్ల దగ్గర నేను తిప్పే క్రారవడి.
తోక చివర కొంచెం పైకి లేస్తాది,
ఉస్తాదు వేళ్ల మీద కొట్టి నేర్పింది.
కర్నూలు మొత్తానికి ఆ తోక నాదొక్కడిదే.

పిల్లోడొకడు స్టీలు గ్లాసు ముంచుతున్నాడు.

తోసేసినా.
వంద లీటర్లన్నా ఉంటాయి,
పెండ్లి నడుమ, మే నెలలో.
ఎవరో కాలర్ పట్టుకున్నారు.
ఎవరో నా నోరు వాసన చూసినారు.
చిన్నమ్మ మొగం చూడలేకపోయినా.
ఎర్రమన్నులో నీళ్లు ఇంకుతాంటే
చెవిలో మద్దిలేటి సార్ గొంతు:
నేల మీద పొయ్యగూడదు నబీరసూలూ, అదీ రూలే.

పాతసామాన్ల బండోడి దగ్గర కొన్నారంట,
మూడొందల యాభై.
“మూత మంచిదిరా, సర్ఫేసి నాలుగుసార్లు కడిగినాం” అంటాడు పెండ్లికొడుకు నాయన.
నాలుగుసార్లు.
ఆ కడిగిన నీళ్లు యాడ పోసినారో
నేను అడగలేదు.

ఇప్పుడు ఏ ఖాళీ డ్రమ్మైనా గేటు దాటే ముందు
బోర్లించి, అడుగున గునపంతో ఒక పోటు.
ఇన్నేండ్లు రాసినా గానీ
వాక్యం చివర చుక్క పెట్టలేదు నేను.
బొక్క డ్రమ్ముకు ధర పలకదని ఆఫీసులో గొణుగుడు.
మద్దిలేటి సార్ రిజిస్టరు తిప్పుతూ
వినపడనట్టే కూర్చుంటాడు.

మరి అంతకుముందు పోయినవి?

సాయంత్రం ఇంటికి పోతూ
జొహరాపురం సందుల్లో
వాకిట్లో నీలం డ్రమ్ము కనపడితే సైకిలు దిగుతా.
“ఎవరు కావాలన్నా?” అంటారు బిందె పట్టుకొని.
“ఎవరూ వద్దమ్మా,
దాన్ని కొంచెం ఇటు తిప్పుతావా” అంటా.