కుప్పమ్మే

నూర్రూపాయల స్టాంపు పేపరు మీద
నా పేరు చచ్చిపోవాల్సిన రోజది.
చిత్తూరు కోర్టు గోడ పక్కన
నీలం పట్ట కింద టైపు మిషను.
"పాత పేరు?"
పక్కనోళ్లకు వినపడకుండా చెప్పినా.
"గట్టిగా చెప్పు మే, మిషనుకు చెవుడు."
కుప్పమ్మ.
"కొత్త పేరు?"
తన్విక.

ఆమె వేళ్లు ఆగినాయి.
అడక్కపోయినా నేనే మొదలుపెట్టినా:
బళ్లో హాజరు పిలిచేటప్పుడు నవ్వినారు,
ఫోన్లో డెలివరీ అబ్బోడు
రెండు తూర్లు అడిగి మరీ నవ్వినాడు.
నాకు ముందు ముగ్గురు పోయినారంట.
నన్ను మూడోనాడు పెంటకుప్ప మీద పడుకోబెట్టి
చాకలి గౌరమ్మ చేటతో ఎత్తితే
గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నారంట.
చావు వచ్చి, వంగి చూసి,
ఇది చెత్తలే అని పోయిందంట.
చావును మోసం చేసిన పేరు
బెంగుళూరు ఆఫీసులో కుర్చీ వెనకాల మనిషిని
మోసం చేయలేకపోయింది.

ఆమె రెండు టీలు చెప్పింది.

"బెల్లం మండీలో అడుగు పో కుప్పమ్మెవరని.
దిమ్మను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాది.
ఏ ఊరి చెరుకో, ఏ బాన కింద
మంట ఒక నిమిషం ఎక్కువైందో చెప్తాది.
ఆమె తల ఊపితేనే లారీ కదిలేది.
ఇప్పుడు చక్కెర జబ్బు.
నాలిక మీద పెట్టుకోదు,
వింటాది, అంతే.

పాకాలలో ఒకామె, రైల్వేలో పని, బరువులెత్తేది.
ఏదో దేశంలో మైకు పట్టినోడికి
ఆ పేరు నోరు తిరగలేదంట.
వాడు ఐదో తూరి సరిగ్గా పలికేదాకా
ఇనుము నెత్తి మీద పట్టుకోనే నిలబడిందంట.
అబద్ధమేమో. నాకు మాత్రం నమ్మల్లని ఉంటాది.

తిరుపతి యూనివర్సిటీలో గడ్డి చదివే కుప్పమ్మ ఉండాది.
శేషాచలం కొండల్లో, రాతి సందులో,
మేకలు కూడా వదిలేసిన గడ్డి.
వెన్ను వేలెడంత కూడా లేదు.
దానికి లాటిన్‌లో పేరు పెడతా
ఆమె గురువు ఆమె పేరే తగిలించినాడు.
ఆ భాషలో ఆడమనిషి పేరు చివర
ఒక ఏత్వం పెడతారంట:
కుప్పమ్మే.
వాళ్లకేం తెలుసు,
అది మనం వీధి చివర నించి పిలిచే పిలుపని!
యాడో చలి దేశంలో, అద్దాల బీరువాలో,
ఎండిన పోచ పక్కన అట్టముక్క మీద
ఎవరో పిలస్తానే ఉండారు:
కుప్పమ్మే! కుప్పమ్మే!

ఇంకొకామె పేరు ఆ పలక మీద, మూడో వరస."

తిరిగి చూసినా. పాత జడ్జీల పేర్లు.
తెల్ల పెయింటు. పొట్ట కింద ఒత్తుతో సహా
తీర్చి రాసినాడు రాసినోడు.

అందరూ కుప్ప మీద నించి లేచినోళ్లేనా?
"గడ్డామెకు జేజి పేరు.
జడ్జమ్మను అడిగే ధైర్యం ఎవురికుండాది?"

మరి మీ పేరు?
(నాకు తెలిసిపోయిందనుకున్నా.)

"సౌదామిని.
మా నాయన పుస్తకాలు చదివినోడు.
యాభై ఏండ్లు. ఈ ఊర్లో ఒక్కరూ సరిగ్గా పలకలేదు.
ఆ పేరుతో ఇంకొకరు నాకు ఎదురుపడలేదు.
ఒక్కోపొద్దు ఒంటరిగా ఉంటాది మే."

కాగితం మిషన్లోనే ఉండాది.
'పూర్వ నామము' దగ్గర రెండు చుక్కలు,
ఆ పక్కన తెలుపు.
"రేపు రా. టైపుకు వద్దులే, టీకియ్యి."

బస్టాండులో
వేలూరు బస్సు పొగలో నించి ఎవరో కేకేసినారు:
"కుప్పమ్మే!"
కొత్తిమీర గంపతో ఒక ముసలామె తిరిగింది.
నేనూ తిరిగినా.
పిలిచింది ఎవర్నో తేలేలోపల
ఇద్దరం ఒకేసారి
"ఆ!" అన్నాం.
బస్సు పోయింది.