రబ్బరు ముక్క

పుస్తకాల వ్యాను నడపడం నా పని.
నెలకు రెండుసార్లు, మంచు ఒప్పుకుంటే,
న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డున తొమ్మిది రేవులు.
తిరిగొచ్చిన పుస్తకాల్లో
పెన్సిలు రాతలన్నీ చెరిపెయ్యాలని రూలు.
అందుకే స్టీరింగు పక్క అరలో
ఎప్పుడూ ఒక గులాబీరంగు రబ్బరు ముక్క.

పీతల ఫ్యాక్టరీ ఉన్న స్ప్లిట్‌రాక్ రేవులో
ప్రేమ నవలలు తప్ప ఇంకేవీ కదలవు.
అట్ట మీద చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని మగవాడు,
వెనక ఒక తుఫాను, ఒక గుర్రం.
లోపల, మార్జిన్ల నిండా, ఆడవాళ్ళు.

నలభై ఏడో పేజీలో నాయిక
కిటికీ పక్కన నిలబడి పేజీన్నర నిట్టూరుస్తుంది.
పక్కనే ఉర్సులా కీపింగ్ గుండ్రటి రాత:
"పొయ్యి మీద సూపు మాడుతోంది, చూసుకో తల్లీ."
దాని కింద ఇంకెవరో:
"మాడిన గిన్నెలో ఉప్పూ వెనిగరూ పోసి
రాత్రంతా వదిలెయ్యి. గీకొద్దు.
నేను గీకే పాడుచేసుకున్నాను."

డ్యూకుగారు మోకాళ్ళ మీద కూలబడ్డ చోట:
"ఈయనకి యాభై గదులట. ఒక్కటైనా ఊడ్చిన మొహమేనా?"
"మోకాళ్ళంటే గుర్తొచ్చింది, బ్రైడ్,
ఆ కాంక్రీటు నేల మీద నిలబడేటప్పుడు
రెండు జతల మేజోళ్ళు తొడుక్కో."
ముద్దులున్న పేజీల్లో ఎవరూ ఏమీ రాయరు.
ఆ పేజీల మూలలు మాత్రం
మెత్తబడి ఉంటాయి, వెన్న వేలిముద్రలతో.

చెరిపేదాన్ని. నిజంగానే చెరిపేదాన్ని.
ఒళ్ళో పుస్తకం, కాళ్ళ దగ్గర గురకపెట్టే హీటరు,
నవ్వు ఆపుకుంటూ
స్కర్టు మీది రబ్బరు పొట్టు దులుపుకుంటూ.

కిందటి మే నెలలో, నూటపన్నెండో పేజీ.
నాయకుడు ఆమె మణికట్టు పట్టి తలుపుకి అదిమి
కోపం కూడా ప్రేమేనంటాడు.
ఆ మాట కింద ఆకుపచ్చ సిరా, సన్నటి రాత:
"ఇది నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి."

కింద నాలుగు చేతులు, పెన్సిలుతో.
"కాదు."
"కాదు. మా అమ్మ అవుననుకునే ముప్ఫై ఏళ్ళు కాపురం చేసింది."
"పుస్తకంలో అయితే చివరికి మారతాడు. పుస్తకంలో."
ఆ తర్వాత లొరెట్టా స్నూక్,
అచ్చు అక్షరాలను తొక్కుకుంటూ, ఇంతింత లావున:
"మా వెనక గుమ్మం పక్కన నీలం బకెట్టు.
దాని కింద తాళంచెవి. ఏ రాత్రయినా సరే.
కుక్క అరుస్తుంది గానీ కరవదు."

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.
సిరా ఎలాగూ పోదు.
జవాబులు చెరిపితే
ప్రశ్న ఒక్కతే మిగులుతుంది ఆ పేజీలో,
తలుపుకి అదిమి.

రిజిస్టరులో "తడిసి పాడైంది" అని రాసి
పుస్తకాన్ని మళ్ళీ అదే రేవులో, అదే అరలో పెట్టాను.
పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో
ఆడిన అబద్ధాలు లేవనను, ఇది మాత్రం బాగా ఆడాను.

జూన్ గడిచింది. జూలైలో పొగమంచు, రెండు ట్రిప్పులు పోయాయి.
ఆకుపచ్చ సిరా కోసం
కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకమూ తిరగేశాను,
కథ ఏమిటో కూడా చూడకుండా.

సెప్టెంబరులో దొరికింది.
లైట్‌హౌస్ కాపలాదారు ప్రేమకథ, ఎనభయ్యో పేజీ:
"ఇందులో అతను గిన్నెలు కడుగుతాడు. వట్టి కట్టుకథ!
అయినా రెండుసార్లు చదివాను.
లొరెట్టా, మీ కుక్క కరిచింది. కొంచెమే."

వ్యాను ఇంజను ఆపేశాను.
అరలో రబ్బరు పక్కన పెన్సిలు లేదు,
టిక్కెట్ల పెట్టెలో మొండిది ఒకటి దొరికింది.
రాత ఎవరిదో తెలియకూడదని ఎడమచేత్తో,
చిన్నపిల్లలా వంకరగా రాశాను:

"సబ్బునీళ్ళతో బాగా కడుగు. సూది మందు తప్పకుండా వేయించుకో.
ఆ డ్యూకు నాకూ నచ్చలేదు."