ఎడమ పెట్టె

మూడు వారాలుగా గలీసియాలో ఒకటే వాన.
రేకుల కప్పు మీద వాన, బయట సముద్రం మీద వాన,
కప్పు కింద పదకొండో తొట్టిలో
మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నేను.
టర్బట్ చేపలు అడుగున పరిచిన పలకల్లా ఉన్నాయి,
ఒకదాని మీద ఒకటి, కదలకుండా,
రెండు కళ్ళూ ఒకే వైపుకు తెచ్చుకుని
కప్పును చూస్తూ.

నా పని తేలికే.
వల ఎత్తాలి, బల్ల మీద పరచాలి.
ఇసుకరంగువి కుడి పెట్టెలోకి,
తెల్లమచ్చలవి ఎడమ పెట్టెలోకి.
కొన్నిటి వీపు మీద పాలు ఒలికినట్టుంటుంది.
ఒకదానికి మొహం తప్ప ఒళ్ళంతా తెలుపే,
పిండి బస్తాలో పడి లేచిన పిల్లాడిలా.
బజారులో వీటిని ఎవరూ ముట్టుకోరు.
"జబ్బు చేపా?" అని
చాచిన వేలు వెనక్కి తీసుకుంటారు.

మొదట్లో నేనూ తీసుకున్నాను.

చేపల డాక్టరు డొరిండా ఒకరోజు
ఎడమ పెట్టెలోంచి ఒకదాన్ని పట్టి
మొప్ప ఎత్తి చూపించింది.
లోపల ఎరుపు. అప్పుడే ఒలిచిన దానిమ్మ.
"జబ్బు కాదిది," అంది. "పాత ఆకలి."
గుడ్డులోంచి వచ్చిన కొత్తలో,
అన్ని చేపల్లాగే ఇవీ నిలువుగా ఈదే రోజుల్లో,
ఒక కన్ను తల మీదుగా ఇవతలికి ఇంకా జరగని రోజుల్లో
మేతలో ఏదో కొవ్వు తక్కువైందట.
రంగు రావలసిన చోటికి రాలేదు.
తర్వాత ఎంత మేసినా
ఆ గడువు మళ్ళీ రాదట.

మేత కలిపిందెవరని నేనడగలేదు.
ఆ వసంతంలో చిన్నతొట్ల డ్యూటీ నాదే.

శుక్రవారం సాయంత్రం ఎడమ పెట్టె
అమారో భుజమెక్కి ఇంటికి పోతుంది.
బంగాళదుంపలు, వెల్లుల్లి, పొగపట్టిన మిరపపొడి,
పైన చారెడు నూనె.
"మచ్చ ధరకి పడింది, చేపకి కాదు,"
అంటూ వేళ్ళు నాక్కుంటాడు.
నాకూ ఒక పళ్ళెం పంపుతాడు. తింటాను.
ముల్లు గుచ్చుకోకపోయినా నెమ్మదిగా తింటాను.

ఆరోజు డొరిండా వెళ్ళిపోతూ
గట్టు మీద ఆగిపోయింది.
అన్నీ ఇసుకరంగులో ఉన్నచోట ఒక్కటి బొగ్గు.
చిన్న మచ్చైనా లేని నిండు నలుపు.
చూస్తే ముచ్చటేసింది నాకు,
కుడి పెట్టెలో వేసేదాన్నే.
"ముందు దాన్ని తియ్యి," అంది.

కళ్ళ మీద పల్చటి పొర.
టర్బట్ నేలను చూసి నేలరంగు కట్టుకుంటుంది.
దీనికి నేల కనపడ్డం ఎప్పుడు మానేసిందో,
మధ్యాహ్నం పన్నెండింటికి కూడా
రాత్రినే చుట్టుకుని కూర్చుంది.
అరచేతుల్లో ఎత్తితే బరువే లేదు.
పక్కవి దాని వంతు మేత కూడా తినేసి
ఎంత చక్కగా, ఎంత సరైన రంగులో ఉన్నాయో.

కుడి పెట్టె కాదు. ఎడమ పెట్టె కాదు.
దానికోసం ఒక బాల్చీ వెతికాను.

ఇప్పుడు చిన్నతొట్ల మేత తూచేటప్పుడు
కాటా మీద అంకె నిలబడేదాకా ఊపిరి తీసుకోను.
తీసి, మళ్ళీ తూస్తాను.
అమారో నవ్వుతాడు, నవ్వనీ.
దీపం కింద నీళ్ళలో
గోరంత కూడా లేని పిల్లలు,
గాజుముక్కల్లా, వెనకున్న గోడ కనపడేంత పల్చగా.
పేగులో నేను వేసిన మెతుకు
ఎర్రచుక్కలా కదులుతోంది.
ఇంకా ఏ రంగూ లేదు వాటికి.