రిగ్గు మరమ్మతు

మా ఇంటి మీటరు పెట్టె కింద ఒక గీత ఉంది.
సున్నం వేసినా మళ్ళీ తేలుతుంది,
బురద రంగులో, జానెడు వెడల్పున.
అంతవరకూ వచ్చి వెళ్ళింది కృష్ణ,
బియ్యం డబ్బానీ, నాన్న కుట్టుమిషన్నీ,
నా పదో తరగతి సర్టిఫికెట్టునీ నానబెట్టి.

కాబట్టి గోడెందుకని
ఎవరూ నన్నడగొద్దు.
రాణిగారితోట కట్ట మీద
పసుపు టోపీ పెట్టుకుని నిలబడింది నేనే.
ఒక్కో పైలుకి ఎన్ని బస్తాలు, ఎంత ఇనుము,
రోజువారీ పుస్తకంలో రాసిందీ నేనే.

నలభై రెండు దిగాయి.
నలభై మూడో చోట
తుమ్మ వేళ్ళ కింద కన్నం.
చేప పొలుసులు, పీత డొప్పలు,
తడిసిన బొచ్చు వాసన.
"నీటికుక్క ఈనిందమ్మా," అన్నాడు ఎఫ్రాయిము మేస్త్రి,
"కాలంగాని కాలంలో."
చెవి నేలకానించి వినమన్నాడు.
లోపల సన్నగా ఈల.
నాలుగా, ఐదా,
ఇంకా కళ్ళు తెరవని గొంతులు.

ఏఈ గారు డ్రాయింగు పరిచి చూపించారు.
గోడ ఎత్తు ఉంది, పునాది లోతు ఉంది,
గడువు ఎర్ర సిరాతో ఉంది.
కన్నం లేదు.
"అటవీ శాఖకి రాస్తే
జవాబొచ్చేలోపు నదే వస్తుంది," అన్నారు.
అది అబద్ధమూ కాదు.

ఆ సాయంత్రం రిగ్గు ఆగిపోయింది.
నాగూల్‌మీరా బండి కింద దూరి
గంట తర్వాత బయటికొచ్చాడు,
చేతులకి గ్రీజు, జేబులో ఏదో బరువు.
"సీలు పోయింది మేడం. గుంటూరులో దొరకదు.
హైదరాబాదు నుంచి రావాలి,"
నా ముఖం చూడకుండా.
నేనూ ఆ జేబు చూడలేదు.
పుస్తకంలో రాశాను: రిగ్గు మరమ్మతులో ఉంది.
మొదటి రోజు. రెండో రోజు.
తొమ్మిది రోజులు అదే దస్తూరీ, అదే వాక్యం,
రోజురోజుకీ అక్షరాలు చిన్నవై.

పదో రాత్రి, బ్యారేజీ దీపాలు నీళ్ళలో సాగుతుంటే
తల్లి బయటికొచ్చింది.
నోట కరుచుకుని ఒక్కోదాన్నీ
లంక వైపు ఈదుకుపోయింది.
నాలుగు.
ఐదోదాని కోసం తిరిగొచ్చిందో, అసలు ఐదోది ఉందో,
నాకు కునుకు పట్టేసింది.
తెల్లారి సీలు దొరికింది.

కానీ నది లెక్కలో ఆ తొమ్మిది రోజులూ ఉన్నాయి.
సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే
పైన గేట్లెత్తారు.
రెండో హెచ్చరిక. మైకు ఆటోలు.
నలభై మూడు దగ్గరికి ఇసుక బస్తాలు అందిస్తూ
వీధంతా అర్ధరాత్రి వరస కట్టింది.
గోడ నిలబడింది.
ఆ ఒక్క సందులోంచి మాత్రం
పిల్లికూన నడకలా నీళ్ళొచ్చాయి
మా వీధిలోకి.

"అంత గోడా ఆగింది, అక్కడొక్కచోటే ఎందుకు కారిందే?"
గడపలో బురద తోస్తూ అడిగింది అమ్మ.
రిగ్గు మరమ్మతు, అన్నాను.

మీటరు పెట్టె కింద నది గీత.
గడప పక్కన, చీలమండ ఎత్తున, ఇంకోటి.
అది నేను గీసింది.
దాని మీద సున్నం వేయొద్దన్నాను.
ఎందుకో చెప్పలేదు.