రెండు నూళ్ళు

పొద్దున కట్టేది, సాయంత్రం విప్పేది.
కల్లూరు దాటినాక పాత గోడౌను రేకుల కింద
మా బడి అది.
సిమెంటు వాడరు, మట్టి మాలే.
ఆరకముందే ఊడదీసి, ఇటుకలు గోకి పేర్చిపెడితే
రేపటికి మళ్ళీ అవే ఇటుకలు.

ఫారంలో వృత్తి అన్న చోట
కౌంటరు పిల్లోడు అడక్కుండానే 'కూలీ' అని రాసుకున్నాడు.
తప్పేం కాదు.
పద్నాలుగేండ్లు గమేళా మోసినాను.
చుట్టకుదురు కూర్చునే చోట
ఇప్పటికీ నా వెంట్రుకలు పల్చన.
నంద్యాల చెక్‌పోస్టు కాడ మూడంతస్తుల ఆస్పత్రి,
బళ్ళారి చౌరస్తా కాడ పెండ్లిండ్ల హాలు,
వాటిలో నా మెడ ఉంది,
చేయి లేదు.

మాలు సంగతి నాకు ఎవరూ నేర్పే పని లేదు.
ఒకటికి ఆరో, ఒకటికి ఎనిమిదో
పార తిరిగే చప్పుడు విని చెప్తాను.
తాపీ పట్టిన మొదటి దినం మాత్రం
నా చేయి నా మాట వినలేదు.
జొన్నరొట్టె మీద ఊరిమిండి పూసినట్లుందని
ఇంటర్ తప్పిన పిల్లోళ్ళు నవ్విరి.
నేనూ నవ్వినాను. నిజంగా అట్లే ఉండె.

మౌలాలి సారు నవ్వలేదు.
నలభై ఏండ్ల బేల్దారి, సున్నం తినేసిన గోర్లు.
"ముందు ఇటుకకు నీళ్ళు తాపమ్మా.
దప్పి మీదుండే ఇటుక
మాలులో తడంతా తానే తాగేసి
పక్కదాన్ని పట్టుకోదు.
సందు మీద సందు రానీకు.
పైనుండేది ఎప్పుడూ
కింద ఇద్దరి భుజాల మీద కూర్చోవాల."
పిల్లోళ్ళు గబగబా రాసుకునిరి.
నాకు రాసేది నిదానం.
నేను 'ఇటుక' అని ముగించేలోపల
ఆయన మూడో వరసకు పోయినాడు.

రాత్రి పాత మేస్త్రి ఫోను.
"మద్దిలేటమ్మా, రేపు స్లాబు, ఏడునూర్లు ఇస్తా."
బియ్యం డబ్బా అడుగు కనపడతా ఉంది.
ఫోను వెలుగులోనే డబ్బా మూత మూసినాను.
"లేదన్నా, రేపు మూల తిప్పేది చెప్తారంట" అన్నాను.
ఆయనకు అర్థం కాలేదు.
మూల తిప్పేదానికి కూలి పోగొట్టుకునేది
ఎవరికైనా ఎట్ల అర్థమైతుంది?

పరీక్ష దినం ఎవరో ఆఫీసరు వచ్చి
నా గోడకు గుండు వేలాడదీసినాడు.
దారం ఊగి ఊగి నిలబడింది.
నా ఊపిరి ఇంకా నిలబడలేదు.
"రెండు నూళ్ళు వాలింది.
పర్వాలేదు, ప్లాస్టరింగులో కలిసిపోతుందిలే."
మార్కులు వేసి పక్క గోడకు పోయినాడు.

నాకు కలిసిపోలేదు.
అన్నేండ్లు నేను తలమీద మోసిన మాలు
ఎంతమంది వంకరలను కప్పిందో
ఆ రెండు నూళ్ళ కాడ తెలిసె.
పై మూడు వరసలు నేనే విప్పినాను.
మౌలాలి సారు చూసినాడు,
ఏమీ అనలేదు,
రసమట్టం తెచ్చి నా పక్కన పెట్టి టీకి పోయినాడు.

మొదటి పని గార్గేయపురం దారిలో,
ఒకరింటి వెనక స్నానాల గది.
ఈసారి సిమెంటు మాలు.
పొద్దు వాలింది. తాపీ కడిగినాను, దారం చుట్టినాను.
విప్పమని ఎవరూ రాలేదు.
ఇంకొంచెంసేపు అట్లే నిలబడినాను,
ఎవరో ఒకరు వస్తారేమో అని.
ఎవరూ రాకపోతే
భయమేసింది.

ఇంటామె వచ్చింది చేయి తుడుచుకుంటా.
నేను వదిలిన గూట్లో
సబ్బు పెట్టె పెట్టి,
కొంచెం వెనక్కి జరిపి,
మళ్ళీ ముందుకు తెచ్చి,
"ఇక్కడే బాగుంది" అని పోయింది.